అద్దాల మచ్చలు

కంచరగాడిద నుదుటి మీద తెల్లమచ్చలు ఉన్నాయి. ఖదీర్ కంప్యూటర్ తెర మీద వాటిని తీసేస్తున్నాడు. పక్కనున్న నలుపును కొంచెం తెచ్చి తెలుపు మీద అద్దితే మచ్చ మాయమవుతుంది. వయసులో ఉన్నప్పుడు ఇదే పని నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో, ఊపిరి బిగబట్టి చేసేవాడు. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులోని ఫోటో దుకాణంలో ఆయన చేతికి వచ్చిన ముఖానికి మొటిమ మిగిలేది కాదు. ఆ ఫోటోలు చూసి ఎన్ని సంబంధాలు కుదిరాయో, పెళ్ళయ్యాక ఎందరు వచ్చి తిట్టిపోయారో ఆయనకే తెలుసు.

ఇప్పుడు ముందున్నవి పెళ్ళి ఫోటోలు కావు. డెబ్బై ఏళ్ళ కిందటి యుద్ధంలో తెల్లదొరల సిపాయిలు, తుపాకులు, గుడారాలు. జనగామ కాలేజీలో చరిత్ర చెప్పే లక్ష్మీకాంత్ వాటిని సికింద్రాబాద్‌లో పాతసామాన్ల అంగడిలో కొన్నాడు. సకల జనుల సమ్మెలో కాలేజీ మూతపడింది. భూపాలపల్లిలో గని కార్మికుల దీక్షా శిబిరం దగ్గర ఈ ఫోటోలు పెద్దవి చేసి పెట్టాలని ఆయన కోరిక. ఎవరి యుద్ధంలో ఎవరు మోశారో జనం చూడాలి అంటాడు. స్కాన్ చేస్తున్నంతసేపూ ఖదీర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్క సిపాయినీ సొంత మేనల్లుడిని పరిచయం చేసినట్టు చెప్పాడు.

"గిదో, నెత్తి మీద దొరలు పెట్టే గట్టి సోలా టోపీ, మోకాళ్ళ దాకా లాగు, బకిల్స్ తళతళ మెరుస్తున్నయి చూడు. అందరు దగ్గర దగ్గర నిలబడ్డరు. అంటే ఇంక యుద్ధం చూడలేదన్నట్టు. గిది నేర్చుకునే కాలం. అడవికి పోయినంక గిట్ల నిలబడితే ఒక్క గుండుకు ముగ్గురు పోతరు."

ఖదీర్ ఊ కొట్టాడు. లక్ష్మీకాంత్ అసలు ఫోటోలు తీసుకుని జనగామ రైలెక్కాడు.

ఇక మిగిలింది ఈ ఒక్క ఫోటో. సిపాయిల గుంపుకు కుడివైపు చివర ఒక కంచరగాడిద, దాని పగ్గం పట్టుకున్న తలపాగా మనిషి. మనిషి ముఖం గాడిద చెవివైపు తిరిగి నీడలో ఉంది. గాడిద నుదుట ఏదో గుడ్డ, దాని మీద ఈ మచ్చలు. పాత ఫోటోకు పట్టిన దుమ్మే అనుకున్నాడు. దుమ్ము వరసకట్టి వాలుగా పడుతుందా అన్న అనుమానం ఒక్క క్షణం మెదిలింది. కాని కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. సింగరేణి గనులు బందయ్యాక అది చుట్టం చూపుగానే వస్తోంది. చివరి మచ్చ కూడా తీసి, ప్రింటు కొట్టి, ఫైలును పాతదాని మీదే సేవ్ చేశాడు. కంప్యూటర్‌లో జాగా లేదని కూతురు జువేరియా రోజూ గునుస్తుంటే ఆయనకు అలవాటైన పద్ధతి అది.

కరెంటు పోయింది. చీకటైన తెర మీద కాసేపు ఆ సిపాయిలే నడుస్తున్నట్టు అనిపించింది. ఎక్కడికి పోతున్నారో వాళ్ళకే తెలియనట్టు, అడుగుల చప్పుడు లేకుండా. ఖదీర్ కళ్ళు మూసుకుని వాళ్ళతో కొంత దూరం పోయాడు.

మరునాడు ప్రేమ్‌సింగ్, అతని భార్య రుక్కి వచ్చారు. బయ్యారం దగ్గరి లంబాడీ తండా వాళ్ళు. కాళ్ళకు ఆ ఊరి ఎర్రదుమ్ము పారాణి పెట్టినట్టుంది. భూపాలపల్లి గనిలో పనిచేసే కొడుకు శివాజీ సమ్మెతో ఇంటి పట్టున ఉన్నాడు. ఇంట్లో మీ ఇద్దరి జంట ఫోటో లేదేందని గోల పెట్టి ఆటో ఎక్కించాడట.

"కరెంటు రావాలె అన్న. జర కూసోండ్రి," అన్నాడు ఖదీర్.

రుక్కి కూర్చుంది. డెబ్బై ఏళ్ళ ప్రేమ్‌సింగ్‌కు కూర్చోవడం చేతకాదు. దండెం మీద క్లిప్పులు పెట్టి వేలాడదీసిన ప్రింట్ల ముందు చేతులు వెనక్కి కట్టుకుని, సంతలో ఎద్దులను చూసినట్టు ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. కంచరగాడిద దగ్గర ఆగిపోయాడు.

"రుక్కీ, జర ఇటు రా."

రుక్కి వచ్చింది. ఇద్దరూ వాళ్ళ భాషలో ఏదో అనుకున్నారు. రుక్కి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి చూసింది.

"తమ్మీ, గీ ఖచ్చర్ నెత్తి మీద గుడ్డ గదా ఇది?"

"గుడ్డనే అక్క. ఎండకు కట్టి ఉంటరు."

"మా అత్త గోరీ కుట్టిన గుడ్డ లెక్కనే ఉంది. కొసలు గట్లనే, ఎద్దు నొసటికి కట్టే తీరు గట్లనే. కానీ మా గుడ్డకు అద్దాలుంటయి. అద్దాలు లేకుంట మా అత్త జోలె కూడా కుట్టకపోతుండె." ఆమె నిటారుగా నిలబడింది. "మనది కాదు. రా, కూసో."

ప్రేమ్‌సింగ్ వెంటనే రాలేదు. ఇంకొంచెం చూసి, తలపాగా సర్దుకుని వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత కరెంటు వచ్చింది, ఫోటో తీయడమైంది. నవ్వమంటే రుక్కి నవ్వింది. ప్రేమ్‌సింగ్ కెమెరాను కాదు, ఆ దండెం వైపే చూస్తున్నాడు.

సాయంత్రం మసీదులో వజూ చేసుకుంటూ ఖదీర్ మోచేతుల దాకా నీళ్ళు పోసుకున్నాడు. కొళాయి పైన గోడకు దిగ్గొట్టిన అద్దంలో దీపం తునక మెరిసింది. ఆయన చేతులు అట్లాగే ఆగిపోయాయి. దుమ్ము వరసకట్టదు. ఎండ అద్దం మీద పడితే ఫోటోలో తెల్లమచ్చగానే వస్తుంది. ఈ సంగతి నలభై ఏళ్ళుగా లంబాడీ పెళ్ళిళ్ళలో ఫోటోలు తీస్తున్న తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? వెనక నిలబడ్డ మనిషి దగ్గాడు. ఖదీర్ పక్కకు జరిగాడు. నమాజులో ఎన్నిసార్లు వంగాడో ధ్యాస లేదు.

దుకాణానికి వచ్చి ఫైలు కోసం వెతికించాడు. జువేరియా అంతా గాలించి తల అడ్డంగా ఊపింది. "పాతది ఎట్ల ఉంటది అబ్బాజాన్? మీరు దాని మీదనే సేవ్ చేసిన్రు కదా." ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆయనకు ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

తెల్లవారి తండాకు పోయాడు. రావి ఆకంత ఊరు. ప్రేమ్‌సింగ్ ఇంటికి దారి అడిగితే వేపచెట్టు కింద పలుపు పేనుతున్న ముసలాయన తలెత్తకుండానే చెయ్యి చూపించాడు.

"పారిపోయినోని కొడుకు ఇల్లా? గదే."

ఆయన పేరు మోతీ అని తర్వాత తెలిసింది. మాటలో విషం లేదు. ఆ ఇంటికి అదే పేరన్నట్టు అన్నాడు.

ప్రేమ్‌సింగ్ వాకిట్లో గంప అల్లుతున్నాడు. ఖదీర్ మంచం అంచున కూర్చుని, చెప్పాల్సింది చెప్పేశాడు. తడుముకున్నాడు కాని దాచలేదు. ప్రేమ్‌సింగ్ వేళ్ళ మధ్య ఈనె నిలిచిపోయింది.

"మా నాయినను తుడిచేసినవా ఖదీర్ భాయ్?"

అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఖదీర్‌కు అనిపించింది.

రుక్కి లోపలికి పోయి రేకుపెట్టె తెరిచింది. చెయ్యెడల్పు గుడ్డ ఒకటి తెచ్చి మంచం మీద పరిచింది. ఎరుపు వెలిసి ఇటుకరంగయింది. అంచుకు గవ్వలు, మధ్యలో అద్దాలు, ఎడమపై మూల నుంచి కుడికింది మూలకు వాలుగా.

"జతగ కుట్టింది మా అత్త. రెండు ఎద్దులు పక్కపక్కన నడిస్తే రెండు వాలులు కలిసి ఇంటి కప్పు లెక్క కనబడాలె. గిది ఎడమ దిక్కు దాపటి ఎద్దుది. వలపటిది మా మామ టీక్యా తీస్కపోయిండు. ఎద్దులు అమ్మి ఫౌజుల ఖచ్చర్లు తోల పోయిండు గదా, అప్పుడు ఈయన కడుపుల ఉన్నడు."

ఖదీర్ కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు. తను తీసేసిన మచ్చలు ఏ వైపు వాలి ఉన్నాయి? కుడిపై నుంచి ఎడమ కిందికి. అవును, మౌస్ అట్లాగే జరిపాడు. ఆయన చేతికి గుర్తుంది. కాని ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. చూపించకుండా చెబితే ఎవరు నమ్ముతారు? తుడిచినవాడే సాక్ష్యమా?

"మళ్ళ రాలే," అన్నాడు ప్రేమ్‌సింగ్. "ఖచ్చర్‌ను అమ్ముకొని కలకత్తల ఎవతితోనో ఉన్నడన్నరు. మా అవ్వ నమ్మలే. చచ్చిపోయిండని కూడ నమ్మలే. మొగడు చచ్చిపోతే తీసే పైగాజులు తియ్యలే. వాటితోనే పోయింది. దీపావళికి నిప్పుల బెల్లం లాప్సీ ఏసి పెద్దల పేర్లు పిలుస్తం మేం. చచ్చిపోయినోళ్ళ పేర్లే పిలవాలె. బతికున్నోని పేరు పిలిస్తే పాపం. మా నాయిన పేరు నేను ఏనాడు పిలవలే. ఆయన ఇటు లేడు, అటు లేడు. ఆకలితోని తిరుగుతుండు." కొంచెం ఆగి గంప పక్కకు పెట్టాడు. "నేనెన్ని దీపావళ్ళు చూస్త? నేను పిలవకుంట పోతే ఆయన్ని పిలిచేటోడు లేడు."

దీపావళి రెండు వారాల్లో ఉంది. ఖదీర్ లేచాడు. "అసలు ఫోటో జనగామల ఉంది. పోదాం పా అన్న."

సమ్మెతో బస్సులు నడవడం లేదు. రైలే దిక్కు. జనమంతా దాంట్లోనే ఉన్నారు. రుక్కి గుడ్డను కొంగులో మూటకట్టి బొడ్లో దోపుకుని, తలుపు పక్కన కింద కూర్చుంది. కేసముద్రం దాటింది, నెక్కొండ దాటింది. పత్తిచేలు తెల్లగా, మెల్లగా వెనక్కి జారిపోతున్నాయి. ఎవరో జై తెలంగాణ అన్నారు, కొందరు అందుకున్నారు, మళ్ళీ రైలు చప్పుడే మిగిలింది. ఖదీర్‌కు కునుకు పట్టింది. ఆ కునుకులో పత్తిచేల గట్టు మీద కంచరగాడిదలు రైలుతో సమానంగా నడుస్తున్నాయి, ఒక్కదానికీ చప్పుడు లేదు. కాజీపేటలో రైలు మారేటప్పుడు రుక్కి ఆయన భుజం తట్టి లేపింది.

లక్ష్మీకాంత్ ఇల్లు పుస్తకాలతో కిక్కిరిసి ఉంది. సంగతి విని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కవరులోంచి అసలు ఫోటో తీసి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాడు. ఖదీర్ జేబులోంచి భూతద్దం తీసి రుక్కి చేతికిచ్చాడు. ముందు తను చూడదలుచుకోలేదు.

రుక్కి చూసింది. కొంగుముడి విప్పి, గుడ్డను ఫోటో పక్కన పెట్టింది. రెండు వాలులు కలిసి ఇంటి కప్పులా నిలిచాయి. ఆమె భర్తకు భూతద్దం అందించింది.

ప్రేమ్‌సింగ్ చాలాసేపు చూశాడు. నీడలో ఉన్న ఆ ముఖంలో ముక్కు కొస, గడ్డం మాత్రం వెలుగులోకి వచ్చాయి.

"ముక్కు నీదే," అంది రుక్కి. "ఎవరికి కావాలె గసొంటి ముక్కు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "ఫౌజుకు పోయింది నిజమే. గది మాకు ఎరుకనే. పారిపోలేదని గిది చెప్తదా సార్?"

లక్ష్మీకాంత్ చెప్పలేడు. ఆ మాటే అన్నాడు. "గిది నేర్చుకునే కాలం నాటిది. తర్వాత ఏమైందో దీంట్ల లేదు." అప్పుడు ఏదో తట్టినట్టు లేచి, బీరువాలోంచి ఇంకో కవరు తెచ్చాడు. "ఇవి మసకగ ఉన్నయని పెద్దయి చేపియ్యలే. అదే ఆల్బంల ఉండె."

అడవి. వెదురు పొదల మధ్య సన్నటి బాట, పొగమంచో, పొగో. సిపాయిలు ఒకరి వెనక ఒకరు వస్తున్నారు, మధ్య చాలా ఎడం వదిలి. లక్ష్మీకాంత్ గొంతు తగ్గించి చెప్పాడు, గట్టిగా మాట్లాడితే వాళ్ళు ఉలిక్కిపడతారన్నట్టు.

"రెండేండ్ల తర్వాతది. సోలా టోపీలు పోయినయి, మెత్తటి వెడల్పు టోపీలు వచ్చినయి. చేతులు నిండ కప్పుకున్నరు, దోమలకు. తుపాకి భుజానికి తగిలించుకోలే, చేతుల పట్టుకున్నరు. అంటే శత్రువు దగ్గర్లనే ఉన్నడు. ఆఫీసరు ఎవరో తెల్వకుంట గుర్తులు తీసేసిన్రు. బకిల్స్‌కు నల్లరంగు, ముఖాలకు బురద. మెరిసేది ఒక్కటి ఉండొద్దు. ఒక్క మెరుపుకు పటాలమంత పోతది. ఖచ్చర్లు అరవకుంట వాటి గొంతుల నరం కూడ కోసేటోళ్ళు."

"నోరు లేనిదాని గొంతు కోసిన్రా," అంది రుక్కి.

ఖదీర్ భూతద్దం తీసుకుని వరసంతా చూసుకుంటూ వచ్చాడు. ఎడమవైపు ఒక కంచరగాడిద. పగ్గం పట్టుకున్నవాడు తలపాగా మనిషి కాదు. తెల్ల సిపాయి, మీసం కూడా సరిగా రానివాడు. చెంపల మీద బురద నాలుగు వేళ్ళ చారలుగా ఎండిపోయి ఉంది. ఖదీర్ భూతద్దాన్ని గాడిద నుదుటి మీదికి జరిపాడు. అక్కడ గుడ్డ ఉంది. మచ్చలు లేవు. ఈసారి తను ముట్టుకోలేదు. అద్దాలు ఉన్నచోట గుండ్రటి ఉబ్బులు, కుడిపై నుంచి ఎడమ కిందికి వాలుగా. ప్రతి ఉబ్బు మీదా బురద, దాని మీద అవే వేళ్ళ చారలు.

ఆయన భూతద్దం ప్రేమ్‌సింగ్‌కు ఇచ్చి పక్కకు జరిగాడు.

"మా నాయిన ఏడి?" అన్నాడు ప్రేమ్‌సింగ్, భూతద్దం దించకుండానే.

లక్ష్మీకాంత్ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఒక ఖచ్చర్‌కు ఒక మనిషి. తిండి, మాలీషు, నడక, అన్ని వానివే. ఇంకొకడు పట్టిండంటే ఆయన లేకనే. కానీ దవాఖానల ఉండొచ్చు, వేరే దిక్కు పంపి ఉండొచ్చు. చచ్చిపోయిండని నేను చెప్పలేను అన్న. అబద్ధమైతది."

వీధిలో సమ్మె ఊరేగింపు డప్పులు దగ్గరికి వచ్చి, దూరమైపోయాయి. ప్రేమ్‌సింగ్ ఫోటో మీది నుంచి తల ఎత్తలేదు.

"సార్, మెరిసేది ఏది ఉండొద్దన్నరు గదా."

"అవును."

"మరి గీ గుడ్డను పీకి పారెయ్యలేదేంది?"

లక్ష్మీకాంత్ ఫోటో ముందుకు లాక్కుని తనే వంగి చూశాడు. ఇన్నాళ్ళూ ఆ ఫోటోలో బకిల్స్, తూటాల సంచులు, పట్టీలు చూసిన మనిషి, మొదటిసారి గాడిద ముఖం చూశాడు.

"పీకెయ్యాలె," అన్నాడు మెల్లగా. "కత్తితోని కోస్తే అయిపోతది. ఒక్కొక్క అద్దానికి బురద పూసుడు... ఎండి రాలితే మళ్ళ పూయాలె. రోజు పూయాలె."

"పారిపోయినోని గుడ్డకు ఎవడన్న గంత కష్టపడతడా సార్? ఖచ్చర్‌ను అమ్ముకున్నోని గుడ్డకు?" ప్రేమ్‌సింగ్ బురద చెంపల కుర్రవాడి మీద వేలు పెట్టాడు, తాకీ తాకకుండా. "గీ పొల్లగానికి ఎరుక. గుడ్డ ఎవరిదో, ఆయన ఏమైండో. దగ్గరుండి చూసిండు గావచ్చు. ఆయన పోయినంక ఇప్పబుద్ధి కాలే."

లక్ష్మీకాంత్ రెండు ఫోటోలూ కవరులో పెట్టి ప్రేమ్‌సింగ్ చేతుల్లో ఉంచాడు. "ఇవి మీ ఇంట్ల ఉండాలె. భూపాలపల్లికి వీటి నకళ్ళు చాలు. పేరు రాయిస్త కింద."

తిరుగు రైలులో రుక్కి ఏడ్చింది. మామను ఎరగదు, అత్త గోరీ కోసం ఏడ్చింది.

దీపావళికి ముందే సమ్మె ఆగింది. బస్సులు తిరిగాయి. పండుగనాడు పొద్దెక్కాక ఖదీర్ కెమెరా భుజాన వేసుకుని తండాకు పోయాడు. రమ్మని శివాజీ ఫోను చేశాడు. ప్రేమ్‌సింగ్ ఇంట్లో పొయ్యి ముందు స్థలం అలికి ఉంది. నిప్పులు పక్కకు లాగి ఎర్రగా పరిచారు. బెల్లంతో వండిన లాప్సీ కంచంలో పొగలు కక్కుతోంది. గోడకు ఆనించి రెండు ఫోటోలు, వాటి కింద గోరీ కుట్టిన గుడ్డ. తండా మగవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో మోతీ కూడా ఉన్నాడు, నెయ్యిగిన్నె పట్టుకుని, దేన్నీ చూడనట్టు.

ప్రేమ్‌సింగ్ తాత పేరు పిలిచి లాప్సీ వేశాడు, నెయ్యి వేశాడు. నిప్పు లేచింది. ముత్తాత పేరు పిలిచాడు. తల్లి గోరీ పేరు పిలిచాడు. ఇంకో ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి నిప్పు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

పేరు రావడం లేదు. డెబ్బై ఏళ్ళు నోట్లో ఉండిపోయిన మాట. సెగకు వేళ్ళు ఎర్రబడుతున్నా అతను చెయ్యి తీయలేదు. అప్పుడు మోతీ వంగి, తన గిన్నెలోని నెయ్యి గరిటెడు తీసి నిప్పుల మీద తనే పోశాడు.

"పిలువురా," అన్నాడు. "మీ నాయిన ఆకలితో నిలబడ్డడు."

"టీక్యా," అన్నాడు ప్రేమ్‌సింగ్. పెద్దల వరసలో పేరే పిలవాలి. కాని అతను అంతటితో ఆగలేదు. పుట్టి ఇన్నేళ్ళకు మొదటిసారి ఆ పిలుపు అతని నోట వచ్చింది. "బాపూ. రా బాపూ. తిను."

ముద్ద నిప్పులో పడింది. మంట మనిషెత్తు లేచి, బూడిద తునకలు గదంతా ఎగిరాయి. ఖదీర్ కెమెరా నొక్కాడో లేదో తనకే తెలియలేదు. కళ్ళు మసకబారాయి. పొగ వల్ల అని అందరికీ చెప్పుకోవచ్చు.

నొక్కాడు. మరునాడు జువేరియా ఆ ఫోటోను తెర మీద తెరిచింది. నిప్పు ముందు ముసలి కొడుకు, గోడ దగ్గర రెండు పాత ఫోటోలు, వాటి మీద, అతని తలపాగా మీద, అంతటా తెల్లటి తునకలు.

"మస్తు మచ్చలున్నయి అబ్బాజాన్. తీసెయ్యనా?"

ఖదీర్ ఆమె చేతి మీద చెయ్యి వేసి మౌస్ ఆపాడు.

"ఉండనియ్ బిడ్డా," అన్నాడు. "గట్లనే కొట్టు."